లాస్ వేగాస్ వెళ్లే మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

ఈ వేసవిలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. అక్కని ఓదార్చి ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. సంక్రాంతికి ఇంట్లో రమ్మీ ఆడుతుంటే, ఎవరు ఏ ముక్క ఎత్తారో ఆడేవాళ్లకంటే ముందు నువ్వే చెప్పేవాడివి.

మంచి ముక్కలు పడేదాకా ఆగడం, అందరికంటే చివర వంతు వచ్చే సీటు విలువ, పాట్ లెక్క (బల్ల మీద పోగైన పందెం డబ్బు లెక్క) నీకు తెలుసు. వాటి మీద కాగితం దండగ.

నా భయం వేరే. ఇక్కడి కార్డ్‌రూమ్‌లో నాకో స్నేహితుడుండేవాడు, లెక్కల్లో దిట్ట. ఓ రాత్రి అతని చేతిలో ఆసు, రాజు. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మొదట ఆసు, ఎనిమిది, మూడు పడ్డాయి. తర్వాతి రెండూ ఎవరికీ పనికొచ్చేవి కావు. చివర ఇతను బెట్ వేస్తే, అంతదాకా కిమ్మనకుండా కాల్ చేస్తూ, అంటే ఎదుటి బెట్‌కి సమానంగా డబ్బు వేస్తూ వచ్చిన ఓ ముసలాయన ఉన్నదంతా ముందుకు తోశాడు. "ఆసు, రాణి అయ్యుంటుంది, నా రాజే పెద్దది" అని మావాడు కాల్ చేశాడు. ఆయన చేతిలో రెండు మూడులు, బల్ల మీది దానితో కలిపి మూడు మూడులు.

ఓడినందుకు కాదురా నా బాధ. ఎదుటివాడి చేతిలో ఒక్కటే ఊహించుకున్నందుకు. మిగిలిన రెండు ఆసులు, నాలుగు రాణులతో ఆసు-రాణి 8 రకాలుగా రావచ్చు. మావాణ్ని ఓడించే ఎనిమిదుల జత 3 రకాలుగా, మూడుల జత 3 రకాలుగా, మొత్తం 6. ఆరు కంటే 8 ఎక్కువ కదా అంటావు. కానీ అంత నెమ్మదస్తుడు ఆసు-రాణితో చివర్లో సర్వం తోస్తాడా? ఆ 8 రకాల్లో ఒకటో రెండో మిగులుతాయి, ఆ ఆరూ అలాగే ఉంటాయి. ఎదుటివాడి చేతిలో ఉండగలిగే ముక్కల జాబితా వేసుకుని, బెట్ బెట్‌కీ దాన్ని కోసుకుంటూ రావాలి. మావాడు ఆ ఓటమిని దురదృష్టం అనేసి, తర్వాతి వారమూ అలాగే కాల్ చేశాడు. ఆ రాత్రి గెలిచుంటే ఇంకా చెడిపోయేవాడు.

10,000 డాలర్లు కట్టి ఆడే మెయిన్ ఈవెంట్ జోలికి ఈసారి పోకు. వేలమంది దిగే టోర్నమెంట్లో ఎంత బాగా ఆడినా ఏళ్ల తరబడి ఓడొచ్చు. క్రెడిట్ కార్డు డబ్బుతో కూర్చున్నావని తెలిస్తే వచ్చి చెవి మెలేస్తా. ఇండియా వెళ్లినప్పుడు ఫోన్‌లో డబ్బు ఆట తెరవకు. ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించిన 2025 చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడదు.

సరే, తిట్టింది చాలు. వేళకి తిను. నిద్ర ముంచుకొస్తుంటే బల్ల దగ్గర్నుంచి లే, ఎంత గెలుస్తున్నా సరే. ఆడిన హ్యాండ్లలో (ఒక్కో పంపకం ఆటలో) నిన్ను తికమక పెట్టినవి రాసి పంపు. ఎవరు గెలిచారో మాత్రం రాయకు. నేను నా జాబితా వేసి పంపుతా, నీదీ నాదీ పోల్చి చూద్దాం.

మీ మామయ్య