డాక్టర్ సలహా: డీఎన్ఏ టెస్టు తర్వాత.. ముందు ఆ కుంటు సంగతి చూడండి

ప్రశ్న: మా ఇంట్లో 16 నెలల ఆడ లాబ్రడార్ ఉంది. ఒకసారి హీట్‌కి వచ్చింది, మళ్లీ వచ్చే నెలలో రావొచ్చు. ఈసారి మా తమ్ముడి స్నేహితుడి మగ లాబ్రడార్‌తో క్రాసింగ్ చేయించాలనుకుంటున్నాం. రెండూ ఒకే బ్రీడర్ దగ్గర కొన్నవే, రెండింటికీ కెన్నెల్ క్లబ్ పేపర్లున్నాయి. ముందుగా డీఎన్ఏ టెస్టులు చేయిస్తే పిల్లలకు జబ్బులు రావంటున్నారు. ఏ టెస్టులు చేయించాలి? ఎంతవుతుంది? ఏ ల్యాబ్ మంచిది? ఇంకో చిన్న విషయం. నెల రోజులుగా పొద్దున లేచేటప్పుడు దాని వెనక కాళ్లు కాస్త బిగుసుకుంటున్నాయి. పరిగెత్తేటప్పుడు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. బాగా కుంటినప్పుడు మా అత్తగారి మోకాళ్ల నొప్పి మాత్ర సగం వేస్తే తగ్గింది. ఇప్పటికి నాలుగైదు సార్లు వేశాం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: అమ్మా, మీరు చిన్న విషయమని చివర్లో రాసిందే నాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది. టెస్టుల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మాత్ర ఆపేయండి, ఈ రోజే.

మాత్ర పేరు మీరు రాయలేదు. మనకు మోకాళ్ల నొప్పులకు రాసేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు. ఇవి కుక్కలకు పడవు. పొట్టలో పుండ్లు పడి లోపల రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. వాటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటే లివర్‌కూ ప్రమాదమే. సగం మాత్రే కదా అని ధైర్యం చెప్పుకోవద్దు. కుక్కకు ఎంత పడుతుందనేది మన డోసును సగం చేసి లెక్కగట్టేది కాదు.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఇలాంటి లాబ్రడార్‌నే తీసుకొచ్చారు. కుంటుతోందని నాలుగు రోజులు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేశారు. కుంటు తగ్గింది, అందరూ సంతోషించారు. ఐదో రోజు అన్నం ముట్టలేదు. టేబుల్ మీద పడుకోబెట్టి పై పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చింది. వేరే కుక్క రక్తం ఎక్కించి బతికించాం, కానీ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ ఇంటివాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే. ప్రేమతోనే మాత్ర వేశారు. మీరూ అంతే, నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు.

మీరు కూడా ఇప్పుడే దాని పెదవి ఎత్తి చూడండి. చిగుళ్లు పాలిపోయినా, మలం నల్లగా వచ్చినా, వాంతులవుతున్నా, నీళ్లు మరీ ఎక్కువగా తాగుతున్నా రేపటిదాకా ఆగకండి.

ఇక ఆ నడక. చూడకుండా ఇదీ అని నేను తేల్చలేను. కానీ 16 నెలల లాబ్రడార్ పొద్దున్నే బిగుసుకుపోతూ, రెండు వెనక కాళ్లూ కలిపి గెంతుతుంటే మాకు ముందుగా గుర్తొచ్చేది హిప్ డిస్‌ప్లేసియా. తుంటి గిన్నెలో తొడ ఎముక తల సరిగ్గా కుదరక వదులుగా ఆడుతుంటుంది. కొన్నాళ్లకు అది అరిగి కీళ్లవాతంగా మారుతుంది. మీకు ముద్దుగా కనిపించే ఆ గెంతు, ఒక్కో కాలి మీద బరువు వేయలేక అది వెతుక్కున్న దారి కావచ్చు. ఇదే అని కూడా అనుకోవద్దు. మన దగ్గర పిడుదులు, కొన్ని చోట్ల గోమార్లు అంటారు, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లోనూ కీళ్ల నొప్పులతో కుంటుతాయి. మోకాలి లిగమెంట్ తెగినా కుంటుతాయి. అందుకే రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు, కిడ్నీ పరీక్షలు చూడాలి. తర్వాత మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపి తుంటి ఎక్స్‌రే తీయాలి. మీ ఊళ్లో కుదరకపోతే గన్నవరం గానీ రాజేంద్రనగర్ గానీ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. నెల రోజులు ఎలాగూ గడిచిపోయాయి, ఇంకా ఆలస్యం చేయకండి.

ఇక్కడే మీరడిగిన డీఎన్ఏ దగ్గరికి వస్తున్నాను. హిప్ డిస్‌ప్లేసియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. చాలా జన్యువులు, వాటికి తోడు బరువు, తిండి, పెరిగే వయసులో నున్నటి గ్రానైట్ మీద జారడం, అన్నీ కలుస్తాయి. దాన్ని తేల్చే డీఎన్ఏ టెస్టు లేదు. డీఎన్ఏ రిపోర్టులో అన్నీ క్లియర్ అని వచ్చినా తుంటి పాడై ఉండొచ్చు. అమెరికాలో ఓఎఫ్ఏ అనే సంస్థ కూడా తుంటికి ఎక్స్‌రే చూసే సర్టిఫికెట్ ఇస్తుంది, అదీ రెండేళ్లు నిండాకే.

డీఎన్ఏ టెస్టులు వృథా అని మాత్రం నా మాట కాదు. లాబ్రడార్లకు కనీసం రెండు చేయించమంటాను. ఒకటి పీఆర్ఏ అనే కంటి జబ్బుకు. ఇందులో కంటి రెటీనా క్రమంగా పాడవుతుంది, మొదట చీకట్లో మంచం కోళ్లకు గుద్దుకుంటాయి, చివరికి చూపు పోతుంది. రెండోది ఈఐసీ అనే జబ్బుకు. బంతి వెంట కాసేపు గట్టిగా పరిగెత్తాక వెనక కాళ్లు తేలిపోయి కూలబడతాయి. దీనికి కారణమైన జన్యువును 2008లో గుర్తించారు. మీరు రాసిన పొద్దుటి బిగుతు ఈఐసీలా లేదు. ఈ రెండు జబ్బుల్లోనూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడు జన్యువులు వస్తేనే సమస్య. ఒకటే ఉంటే పైకి ఏమీ తెలియదు, దాన్ని క్యారియర్ అంటాం. రెండు క్యారియర్లను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు. క్యారియర్‌ను ఆ పాడు జన్యువు అసలు లేని (క్లియర్) కుక్కతో కలిపితే జబ్బు పిల్లలు పుట్టవు. కాబట్టి టెస్టు మీ కుక్క ఒక్కదానికే చేయిస్తే సగం సంగతే తెలుస్తుంది. వీలైతే మగదానికీ చేయించండి.

రెండూ ఒకే బ్రీడర్ దగ్గరివని రాశారు. దయచేసి పేపర్లలో తల్లిదండ్రుల పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. తండ్రి ఒకటే అయితే ఆ పాడు జన్యువు రెండింటిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ పేపర్లు వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు.

శాంపిల్ తీయడం కష్టం కాదు. చెంప లోపల స్వాబ్‌తో రుద్దాలి, ముందు గంటసేపు ఏమీ పెట్టకూడదు. లేదా కొద్దిగా రక్తం. ల్యాబుల పేర్లు ఇక్కడ చెప్పలేను, ఖర్చూ ల్యాబును బట్టి మారుతుంది. మీ డాక్టర్‌నే అడగండి.

డీఎన్ఏ హడావిడిలో అందరూ మర్చిపోయేవి అంటురోగాలు. క్రాసింగ్‌కి ముందు రెండింటికీ బ్రుసెల్లా పరీక్ష ఉండాలి. దీనివల్ల కడుపు నిలవక ఈచుకుపోతాయి, మనుషులకూ సోకే అవకాశముంది. మగదాని అంగాన్ని డాక్టర్ వెనక్కి తీసి చూడాలి. క్రాసింగ్‌తో అంటుకునే టీవీటీ అనే క్యాన్సర్ గడ్డలు మన దగ్గర తరచూ కనిపిస్తాయి.

వచ్చే నెల హీట్‌కి మాత్రం క్రాసింగ్ వద్దు. బ్రీడర్ల కోసం కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లోనే ఆడకుక్కకు 18 నెలలు నిండాలని ఉంది, మీదానికి 16. పైగా కుంటుతున్న కుక్క. ఎక్స్‌రేలో తుంటి బాగోలేదని తేలితే ఎప్పటికీ వద్దనే చెబుతాను, ఆపరేషన్ చేయించి పిల్లలు పుట్టకుండా చూడమంటాను. మీకు బాధగా ఉంటుంది. ఆ తుంటితో రెండు నెలలు కడుపు మోయడం దానికి ఇంకా బాధ. ఆ లోపం పిల్లలకూ వెళ్తుంది.

ఎక్స్‌రేకి మత్తివ్వాలి కాబట్టి ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో ఫోన్‌లోనే అడిగి కనుక్కోండి. వెళ్లేటప్పుడు అది పరిగెత్తేటప్పుడు తీసిన వీడియో ఉంటే చూపించండి. అత్తగారి మాత్రల స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్లండి, ఎన్ని వేశారో, చివరిసారి ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి. దాన్ని బట్టే కుక్కలకు పడే నొప్పి మందు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చూసుకుంటారు.