గేటుకు తాళం వెయ్యకు

చిన్నీ,

మీ అమ్మ ఫోన్లో సగం ఏడుస్తూ సగం మురిసిపోతూ చెప్పింది, నువ్వు బర్మింగ్‌హామ్ వదిలేసి ష్రాప్‌షైర్‌లో ఏదో పల్లెటూరి సర్జరీలో (ఇక్కడ డాక్టరు క్లినిక్కుని అలాగే అంటారుగా) జీపీగా, అంటే ఊరందరినీ చూసే మామూలు డాక్టరుగా చేరుతున్నావని. "అక్కా, అక్కడ మనవాళ్లు ఒక్కరూ ఉండరటే, కొత్తిమీర కూడా దొరకదటే" అని దాని గోల. కొత్తిమీర కుండీలో పెంచుకోవచ్చులే. సన్నటి ఆ రోడ్ల మీద చీకట్లో నువ్వొక్కదానివే కారు నడుపుకుంటూ పోవడం తలుచుకుంటేనే నాకు కడుపులో దేవినట్టుంది. హెర్‌ఫర్డ్‌షైర్ పల్లెలో ఇన్నేళ్లు కాపురం చేశాను, నాలుగు ముక్కలు చెప్పకుండా ఊరుకోలేను.

ఇల్లు అప్పుడే కొనకు, ఒక చలికాలం అద్దెకుండి చూడు. గ్యాస్ లైను చాలా ఊళ్లలో ఉండదు, పెరట్లో ట్యాంకు పెట్టి కిరసనాయిలు పోయించుకోవాలి. ఊళ్లో నలుగురూ కలిసి ఆర్డరిస్తే ధర తగ్గుతుంది, ఎవరు కూడగడుతున్నారో అడుగు. సెప్టిక్ ట్యాంకు అయితే పకోడీలు వేయించిన నూనె సింకులో పొయ్యకు. సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు.

రోడ్లు. ఇది రెండుసార్లు చదువు. రెండు పక్కలా కంచె పొదలు, మధ్యలో ఒక్క కారు పట్టే దారి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోవాల్సింది నువ్వే, రివర్స్ బాగా ప్రాక్టీసు చెయ్యి. దారిచ్చినవాళ్లకి స్టీరింగ్ మీంచి చెయ్యెత్తు. ఎత్తకపోతే ఆ కబురు నీకంటే ముందే సర్జరీకి చేరుతుంది. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే మాత్రం "చూద్దాంలే" అనకు. మోకాలి లోతు కూడా అక్కర్లేదు, 30 సెంటీమీటర్ల పారే నీళ్లు చాలు, కారు తేలిపోతుంది. 2020 ఫిబ్రవరి తుఫానుకి ఇక్కడ వై నది, మీ వైపు సెవెర్న్ నది ఎట్లా పొంగాయో నా కళ్లతో చూశాను. పేషెంటు ఎంత సీరియస్ అన్నా సరే, వెనక్కి తిరుగు. అవసరమైతే హెలికాప్టర్ పంపుతారు, నువ్వు ఈదక్కర్లేదు.

ఇక అసలు సంగతి, కాలిబాటలు. మనూళ్లో డొంక లాంటివే అనుకో, కాకపోతే ఇక్కడ వాటికి చట్టం కాపలా ఉంది. పొలాలకడ్డంగా, ఒక్కోసారి ఒకరి పెరట్లోంచే పోతాయి. నేల నీదే, నడిచే హక్కు అందరిదీ. గుంజకి పసుపు బాణం గుర్తు కనిపిస్తే అదే. 1949 చట్టం వచ్చాక ఊరూరా పారిష్ కౌన్సిళ్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, తమ దారులన్నీ లెక్కగట్టి పట్టీ రాసిచ్చాయి. కౌంటీ కౌన్సిల్ మ్యాపులో ప్రతి దారికీ ఒక నంబరుంటుంది.

మా వెనక గేటులోంచి చర్చికి అలాంటి దారొకటి ఉంది. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్, అదే లాయరు, పంపిన కాగితాల్లో గీత గీసే ఉంది. మీ పెదనాన్న చూసి "ఎవరు నడుస్తారులే" అన్నారు. నడిచారు. కుక్కలతో, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో, ఆదివారం పొద్దున చర్చి గంటలు కొట్టడానికి పోయేవాళ్లూ. అప్పటికి మీ అన్నయ్య కొత్తగా నడక నేర్చాడు. ఒక సాయంత్రం ఎవరో గేటు తీసి అలాగే వదిలేసి పోతే, వాడు లేన్‌లోకి పోయాడు. పాల ట్యాంకరు డ్రైవరు బ్రేకు కొట్టి, దిగి, వాణ్ణి చంకనేసుకొచ్చి అప్పజెప్పాడు. మర్నాడే మీ పెదనాన్న గేటుకు తాళం వేశారు. ఆ తాళంకప్ప చూశాకే నాకు అన్నం సహించింది.

ఊళ్లో ఒక్కరూ ఏమీ అనలేదు. అక్కడే ఉంది తంటా. మనూళ్లో అయితే వాకిట్లోకొచ్చి నాలుగు దులిపేసేవాళ్లు, సాయంత్రానికి తేలిపోయేది. ఇక్కడ షాపులో ఎప్పట్లాగే "గుడ్ మార్నింగ్, డాక్టర్" అన్నారు, వాన గురించి మాట్లాడారు. కొన్నాళ్లకి పాలకని వెళ్లినప్పుడు నోటీసు బోర్డు చూశాను. గాజుపలక వెనక పారిష్ కౌన్సిల్ అజెండా. గడ్డి కోసిన బిల్లు, బెంచీకి రంగు, ఆ కిందే కాలిబాట నంబరు, "అడ్డంకి" అని ఒక్క ముక్క. మా పేరు వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరమేముంది?

మీ పెదనాన్న తోక తొక్కిన తాచులా లేచారు. "నా చేత మందులు రాయించుకుంటూ నా మీదే ఫిర్యాదా" అని. బతిమాలి మీటింగుకి లాక్కెళ్లాను. విలేజ్ హాలు, మడత కుర్చీలు, హీటరు కాలుతున్న వాసన. మొదట్లో ఊరివాళ్లు మాట్లాడ్డానికి కాస్త టైమిస్తారు. పక్క పొలం రైతు, పెద్దాయన, లేచి మా వైపు చూడకుండానే, వాళ్లమ్మ శవపేటికని ఆ దారినే మోసుకెళ్లామని చెప్పి కూర్చున్నాడు. అంతే. హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. అప్పుడు మీ పెదనాన్న లేచి పిల్లాడి సంగతీ, ట్యాంకరు సంగతీ చెప్పారు. అప్పటిదాకా అది ఎవరికీ తెలీదు, మేం చెబితేగా! మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయనే స్ప్రింగూ స్పానరూ పట్టుకొచ్చి, గేటు దానంతటదే మూసుకునేట్టు బిగించి, టీ తాగి పోయాడు. ఆ తాళం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నువ్వూ మీ పెదనాన్న పోలికే. మనసు కష్టపడితే మొహం ముడుచుకుని గదిలో కూర్చుంటావు. అక్కడ అలా కూర్చుంటే ఎవరూ వచ్చి ఏమైందని అడగరు, అది నీ ఇష్టానికి ఇచ్చే గౌరవం అనుకుంటారు. నోరు తెరిచి చెప్పు తల్లీ.

పారిష్ కౌన్సిల్ అంటే చర్చి వ్యవహారం అనుకునేవు. 1894లోనే ఆ రెండిటినీ విడదీశారు. మెంబర్లకి జీతాల్లేవు, క్లర్కుకి మాత్రం కాస్త ముడుతుంది. నీ కౌన్సిల్ ట్యాక్స్‌లో చిన్న ముక్క వాళ్లకే పోతుంది కాబట్టి ఏడాదికోసారి వసంతంలో జరిగే ఊరి సభకైనా వెళ్లు. చర్చికి రమ్మని ఎవరూ బలవంతపెట్టరు. ఒక్కో వికార్‌కి, అంటే చర్చి పాస్టరుకి, నాలుగైదు చర్చిలు, ఆమెకే ఊపిరాడదు. కానీ పంటలు కోశాక ఊరంతా కలిసి తినే హార్వెస్ట్ సప్పర్‌కి ఒక గిన్నె పులిహోర పట్టుకెళ్లు. నవంబరు రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయిన ఊరివాళ్ల పేర్లు చెక్కిన స్మారక స్తంభం దగ్గర నిలబడు. ఇంత చిన్న ఊరికి అన్ని పేర్లా అనిపిస్తుంది. మా ఊరి రాతి మీద ఒకే ఇంటిపేరు మూడుసార్లుంది, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ మాకు గుడ్లు అమ్ముతారు.

షాపులో పేషెంటు ఎదురైతే మోకాలెలా ఉందని నువ్వు అడగకు. వాళ్లే క్యాబేజీల పక్కన నిలబెట్టి పుట్టుమచ్చ చూపిస్తారు, అప్పుడు నవ్వి సర్జరీకి రమ్మను. ఎర్ర ఫోన్ డబ్బా కనిపిస్తే తలుపు తీసి చూడు, చాలా ఊళ్లలో గుండెకి షాకిచ్చే డీఫిబ్రిలేటర్ అందులోనే పెడుతున్నారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, వీధి దీపాలుండవు. అలాంటి సాయంత్రాలు ఒంటరిగా కూర్చుని మీ అమ్మకి ఫోన్ చేసి ఏడవకు, నాకు చెయ్యి. ఏడుపొచ్చే రోజులు నాకూ ఉన్నాయి, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

గోంగూర పచ్చడి, కందిపొడి, నిమ్మకాయ పార్సెల్ చేశాను. కావాలనే నువ్వు సర్జరీలో ఉండే వేళకి వచ్చేట్టు బుక్ చేశాను. పోస్టతను పక్కింట్లో ఇచ్చి పోతాడు. వెళ్లి తలుపు కొట్టి తెచ్చుకో. నిమ్మకాయ సీసాలు రెండున్నాయి, చిన్నది వాళ్లకి. కారం తగ్గించే పెట్టాను.

మీ పెద్దమ్మ