మా పాప ఇన్‌స్టలేషన్ ఆర్ట్ చదువుతానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాప సెకండ్ పీయూ (మన ఇంటర్ సెకండియర్), సైన్స్ గ్రూపు. ఈమధ్య కాలేజీవాళ్లు ఏదో ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లారు. అప్పటినుంచి ఇన్‌స్టలేషన్ ఆర్టిస్ట్ అవుతానని ఒకటే పట్టు. ఫొటోలు చూపించింది. గది నిండా తాళ్లు వేలాడుతున్నాయి, అంతే. బొమ్మలు వేయడమంటే నాకు అర్థమవుతుంది. ఇదేం చదువో, దీంతో అన్నం దొరుకుతుందో లేదో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, హిందూపురం అన్నారు కాబట్టి లేపాక్షితో మొదలుపెడతాను. అక్కడి వేలాడే స్తంభం దగ్గర మీరూ ఎప్పుడో ఒకసారి వంగి, కొంగో తువ్వాలో దాని కింద ఈ పక్కనుంచి ఆ పక్కకు లాగే ఉంటారు. మండపం నిండా స్తంభాలున్నా జనమంతా దాని చుట్టూనే మూగుతారు. ఒకరు చేస్తుంటే వెనక ఇంకొకరు తమ వంతు కోసం నిలబడతారు. ఇక ఏ పాత గుడిలోనైనా లోపలికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, మాట దానంతటదే చిన్నదవుతుంది, గడప దగ్గర తల వంగుతుంది. మనకెవరూ చెప్పరు. ఆ చోటే మనచేత చేయిస్తుంది. గుడి భక్తి కోసం కట్టింది, దాన్ని ఇన్‌స్టలేషన్ అనడం నా ఉద్దేశం కాదు. కానీ మీ పాప నేర్చుకుంటానంటున్నది ఈ విద్యనే. ఒక చోట అడుగుపెట్టిన మనిషి ఎటు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, ఏం చూసి వెనక్కి తిరుగుతారు అన్నది ముందే ఊహించి ఆ చోటును తయారు చేయడం.

ఫొటోలో తాళ్లు తప్ప ఏమీ కనబడలేదన్నారు. ఈ కళకు ఫొటో చాలదు. 2016లో కొచ్చి బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనలో, నేను చూసిన ఒక పని చెప్తాను. ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఒక పెద్ద గోదాము. నేలంతా సముద్రపు నీళ్లు. చిలీ కవి రౌల్ సురీతా చేసింది, పేరు 'సీ ఆఫ్ పెయిన్'. చెప్పులు విప్పి, బట్టలు పైకి మడుచుకుని నీళ్లలోకి దిగాలి. పక్క గోడలమీద చిన్న చిన్న ప్రశ్నలు రాసి ఉన్నాయి. అసలు విషయం చివరి గోడమీద ఉంది, నీళ్లలో నడుచుకుంటూ అంతదూరం వెళ్తే తప్ప చదవలేం. 2015లో సముద్రం దాటబోయి మునిగిపోయిన సిరియా పిల్లవాడు అలన్ కుర్దీ ఫొటో లోకమంతా చూసింది. అతనితోపాటే మునిగిపోయిన అన్న గాలిప్ గురించి రాసిన కవిత అది. అదే కవిత పుస్తకంలో చదివి ఉంటే బాధపడి పేజీ తిప్పేదాన్ని. అక్కడ కాళ్లు నీళ్లలో ఉన్నాయి. తిరిగి రావాలన్నా ఆ నీళ్లలోంచే రావాలి. వచ్చేటప్పుడు నాతో ఉన్నవాళ్లెవరూ మాట్లాడలేదు.

మీరు తాళ్లన్నారు కనుక మన బెంగళూరు ఆవిడ పేరే చెప్పాలి. షీలా గౌడ భద్రావతిలో పుట్టారు, ఇక్కడి కెన్ ఆర్ట్ స్కూల్లో, తర్వాత శాంతినికేతన్‌లో, లండన్‌లో చదివారు. మొదట పెయింటరే. 2009లో ఆవిడ చేసిన 'బిహోల్డ్' వెనిస్ బినాలేలో పెట్టారు. అందులో ఉన్నవి రెండే వస్తువులు, కారు బంపర్లు, జుట్టుతో పేనిన తాడు. ఆ తాడు పొడవు దాదాపు 4 కిలోమీటర్లు. గుళ్లలో మొక్కుకుని ఇచ్చిన జుట్టు అది. డ్రైవర్లు దిష్టి తగలకుండా బండికి కట్టుకునే తాడు కూడా అదే. తలనీలాలివ్వని తెలుగిల్లు ఉండదు కాబట్టి ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దూరంనుంచి చూస్తే గోడమీద, నేలమీద నల్లటి గీతలు. నాలుగడుగులు దగ్గరికెళ్తే జుట్టని తెలుస్తుంది. కొందరు చటుక్కున ఆగిపోతారు, కొందరు ఇంకా వంగి చూస్తారు. అంత బరువైన ఇనుమును అంత సన్నని వెంట్రుకలు మోస్తున్నాయి. ఆ నాలుగడుగుల్లో చూసేవాళ్లకు ఏం జరుగుతుందన్నదే ఆవిడ పని అని నేననుకుంటాను.

గ్యాలరీయే ఉండాలని కూడా లేదు. 2015లో మన బెంగళూరు సుల్తాన్‌పాళ్య రోడ్డు గుంతలో బాదల్ నంజుండస్వామి అనే ఆర్టిస్టు నిజం మొసలంత బొమ్మ పెట్టి, చుట్టూ నీళ్లమడుగులా రంగులేశారు. ఆయనకు గోడ, టికెట్టు ఏమీ అక్కర్లేకపోయింది. బండిమీద పోయేవాళ్లంతా చూశారు. ఆ గుంత పూడ్చారు కూడా.

ఇప్పుడు మీ పాప సంగతి. తనకు నచ్చింది ఈ పనేనా, లేక ఆ రోజు చూసిన వెలుగులూ హంగులేనా అన్నది ముందు తేలాలి. కోర్సుల గురించి ఆలోచించే ముందు ఇంట్లోనే ఒకటి చేయించండి. వీధి తలుపునుంచి హాలుదాకా ఉన్న నడవ ఇచ్చేయండి. పాత చీరలు, అట్టపెట్టెలు, వాడని గిన్నెలు, ఒక టేబుల్ లైటు, ఇంతకుమించి కొనొద్దు. అయ్యాక అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురిని పిలవండి. ఇది ఫలానా అని ముందే ఏమీ చెప్పకూడదు. మీ పాప ఒక మూల నిలబడి వాళ్లెక్కడ ఆగారో, దేన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారో రాసుకోవాలి. తర్వాత కొన్ని మార్చి ఇంకో నలుగురిని పిలవాలి. రెండోసారి మార్చడం తనకు విసుగనిపిస్తే ఈ దారి కష్టం. రాత్రి పదింటికి కూడా మళ్లీ జరిపి చూస్తానంటే మీరు అడ్డుపడకండి.

సైన్స్ చదివింది వృథా అవుతుందేమో అనుకుంటారు. అవదు. 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా ఆర్టిస్టు ఐ వెయ్‌వెయ్ దాదాపు 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు నేలమీద పరిచారు. జనం వాటిమీద నడవాలన్నదే ఆలోచన. తొక్కుతుంటే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని కొద్దిరోజులకే నడక ఆపేశారు. బరువెంత, కరెంటెంత, ఏ వస్తువు ఏమవుతుంది, పిల్లలు తగిలితే పడుతుందా, ఇవన్నీ ఇందులో రోజూ ఉండే లెక్కలు.

డిగ్రీ అయితే బీవీయే (బ్యాచిలర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్), నాలుగేళ్లు. ఇన్‌స్టలేషన్ అని డిగ్రీ వెతుక్కోవద్దు, పెయింటింగో శిల్పమో తీసుకుని అటువైపు వెళ్తారు. నన్నడిగితే శిల్పమే మేలు. వెల్డింగ్, అచ్చులు పోయడం, చెక్కపని చేతికొస్తాయి. బెంగళూరులోనే చిత్రకళా పరిషత్ కాలేజీ ఉంది. యలహంకలో సృష్టి అనే ఆర్ట్, డిజైన్ కాలేజీ ఉంది, అక్కడ ఫీజు బాగా ఎక్కువ. మనవైపు వెళ్లాలంటే హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఫైన్ ఆర్ట్స్ ఉంది. పీజీకి బరోడా, శాంతినికేతన్ మంచి చోట్లు. ఆర్కిటెక్చర్‌లో చేర్పిస్తే ఇద్దరికీ రాజీ అనుకుంటారు చాలామంది తల్లిదండ్రులు. ఇళ్లు కట్టాలని తనకుంటేనే చేర్పించండి, ఐదేళ్లు ఇష్టం లేకుండా గడవవు.

డబ్బు సంగతి దాచను. ఇన్‌స్టలేషన్‌ను పెయింటింగ్‌లా కొని హాల్లో తగిలించుకునేవాళ్లు చాలా తక్కువ. గ్రాంట్లు, రెసిడెన్సీలు (కొన్నాళ్లు ఒకచోట ఉండి పనిచేసుకోమని కళాకారులకిచ్చే అవకాశాలు), ఎప్పుడైనా ఒక కంపెనీయో మ్యూజియమో చేయించుకునే పని, వీటితో మొదటి కొన్నేళ్లు ఇల్లు గడవదు. కాబట్టి ఎక్కువమంది పక్కన ఇంకో పని చేస్తారు. ఆ పనులకు కావలసింది మాత్రం ఈ నైపుణ్యమే. మ్యూజియంలో ఏది ఎక్కడ పెట్టాలి, జనం ఎటునుంచి రావాలి అన్నది చూసేవాళ్లు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, నాటకాల సెట్లు, పెద్ద షోరూముల డిస్‌ప్లే. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎగ్జిబిషన్ డిజైన్ అనే కోర్సే ఉంది. మీ పాపకు అది కూడా నచ్చొచ్చు, తప్పక చూపించండి. పైగా ఈ ఊళ్లో ఎస్పీ రోడ్డులో సెన్సర్లు, ఎల్‌ఈడీలు, పీణ్యలో ఇనుప పని, చిక్‌పేటలో గుడ్డ అన్నీ దొరుకుతాయి. కళ నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న అదృష్టం కాదు.

ఒక ఆదివారం మీరిద్దరే కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ అనే ఆర్ట్ మ్యూజియంకో, ప్యాలెస్ రోడ్డులోని ఎన్‌జీఎంఏ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్)కో వెళ్లండి. లోపల ఏదీ వివరించొద్దని పాపకు చెప్పండి. బయటికొచ్చాక మీరు ఎక్కడ ఆగారో, ఎందుకాగారో మీరే తనకు చెప్పండి. ఇంట్లో నడవలో చేసినదానికి మాత్రం నేలమీద కొలతలతో ఒక ప్లాన్ గీయించి, తలుపునుంచి చివరిదాకా నడుస్తూ ఫోన్లో వీడియో తీయించండి. అడ్మిషన్‌కు పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసిన పనుల ఫైలు, అడిగినప్పుడు పెన్సిల్ డ్రాయింగులతోపాటు అదీ పెట్టొచ్చు.