ఖాళీ చేయించడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ప్రశ్న: వరంగల్ కార్పొరేషన్ పరిధిలో మాకు ఇల్లుంది. అద్దె నెలకు 9,000 రూపాయలు. 11 నెలల అగ్రిమెంటు 2021లోనే అయిపోయింది. మా అమ్మకు పక్షవాతం వచ్చింది, ఇల్లు కావాలి. ఏడాదిగా ఫోన్‌లో అడుగుతున్నా అద్దెదారు కదలడం లేదు. పల్లెలో రెండు నెలల్లో ఖాళీ చేయించవచ్చని మా బావ, సిటీలో పదేళ్లు పడుతుందని స్నేహితుడు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. తాళం మార్చేయమంటారా?

జవాబు: మీ అమ్మగారి అనారోగ్యం ఈ కేసులో అక్కరకు రాదు. సొంత అవసరం రుజువు చేయాల్సింది రెంట్ కంట్రోలర్ (అద్దె నియంత్రణ చట్టం కింద కేసులు వినే అధికారి) దగ్గర. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్లలో అద్దె 3,500 దాటితే వర్తించదు, గ్రామాలకు అసలే లేదు. అంటే మీ బావ చెప్పే పల్లెకైనా మీకైనా దారి సివిల్ కోర్టే. అక్కడ తేలాల్సింది ఒక్కటే: అద్దె ఒప్పందాన్ని చట్టప్రకారం రద్దు చేశారా?

మీరు చేయలేదు. ఫోన్‌లో బతిమాలుతూ నెలనెలా అద్దె తీసుకుంటూ కూర్చున్నారు. గడువు తీరాక అలా తీసుకుంటే నెలవారీ అద్దె కొనసాగినట్టే. ఏడాది వృథా చేసుకున్నారు.

ఈ వారమే లాయరుతో ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, డెలివరీ రుజువు జాగ్రత్త. కవరు తిరిగొస్తే విప్పకండి, అదే మీ సాక్ష్యం. ఆ తర్వాత వచ్చే డబ్బు అద్దెగా కాదు, వాడకానికి పరిహారంగా తీసుకుంటున్నామని రాసి పంపండి.

తాళం జోలికి మాత్రం పోవద్దు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అద్దెదారు ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్నది చూడకుండానే కోర్టు అతనికి తిరిగి అప్పగిస్తుంది. ఆ తీర్పుపై అప్పీలు కూడా ఉండదు. కరెంటు, నీళ్లు ఆపడమూ అంతే తప్పు.

ఎన్నాళ్లంటారా? రెండు నెలలన్నవారు నోటీసు, సమన్లు వరకే లెక్కేశారు. నోటీసు గడువు తీరాక మీరు వేసే దావాకు అద్దెదారు జవాబు దాఖలుకే 30 రోజులు, పొడిగిస్తే 90. అద్దెదారుగా ఉన్నానని, నోటీసు అందిందని అతనే ఒప్పుకుంటే, విచారణ సాగదీయకుండా ఒప్పుకోలు మీదే డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) అడగవచ్చు (సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 12, రూల్ 6). డిక్రీ అమలును ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అప్పీలులో స్టే వస్తే అదీ ఆగుతుంది. బకాయిలుంటే మూడేళ్లలోపువే వసూలవుతాయి, అవీ ఇదే దావాలో అడగండి. అద్దె జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి ఉంచుకోండి.