మైనస్ 40లో పాఠం

(ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నవారు అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో, అక్కడి యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ బోధిస్తున్న విజయనగరం ఆడపడుచు.)

మా లంబసింగిలో సున్నా దగ్గరికొస్తేనే చేతులు కొంకర్లు పోతాయి. మైనస్ 40లో మీరు పాఠాలెలా చెబుతారు? సెలవులివ్వరా?
– ఒక ఉపాధ్యాయుడు, చింతపల్లి

చలి పేరు చెప్పి క్లాసులు ఆపడం ఇక్కడ ఆనవాయితీ లేదండి. క్లాసు గదిలో హాయిగానే ఉంటుంది. యూనివర్సిటీకి సొంత బొగ్గు పవర్ ప్లాంటు ఉంది. దాని ఆవిరి భూమిలోపలి సొరంగాల్లో వేసిన గొట్టాల గుండా వచ్చి భవనాలను వెచ్చగా ఉంచుతుంది. కష్టమంతా ఇంటి గుమ్మానికీ క్లాసు గుమ్మానికీ మధ్యనే.

ముందు కారు సంగతి. ఇక్కడ కార్ల ముందువైపు ఒక కరెంటు వైరు, దానికో ప్లగ్గు వేలాడుతుంటాయి. ఇంజన్ని వెచ్చబెట్టే హీటరుది అది. రాత్రి తగిలించకపోతే తెల్లారేసరికి ఇంజనాయిల్ ఆముదంలా చిక్కబడిపోతుంది, బండి స్టార్టవదు. క్యాంపస్ పార్కింగులోనూ ప్లగ్గులున్న స్తంభాలుంటాయి. క్లాసుకెళ్లే ముందు అక్కడా తగిలించుకోవాలి. రాత్రంతా ఒకచోటే నిలిచిన టైర్లు నేలకానిన మేర చదునైపోయి, కొంతదూరం కారు దడదడలాడుతూ నడుస్తుంది.

ఊళ్లోకి దిగితే మంచుపొగ. కార్ల పొగలోనూ చిమ్నీల పొగలోనూ ఉన్న తేమ గాల్లోనే గడ్డకడుతుంది. ముందు బండి ఎర్రలైట్లు తప్ప ఏమీ కనపడవు. బరువైన చల్లగాలి పల్లంలో పేరుకుంటుంది కనక, గుట్టమీదున్న క్యాంపస్‌కి చేరేసరికి చలి కాస్త తగ్గుతుంది.

అయినా నాకు మైనస్ 40 కన్నా వానంటేనే భయం. 2021 డిసెంబరు చివర్లో నడి చలికాలంలో వాన కురిసింది. రోడ్లమీద నీళ్లు రాయిలా గడ్డకట్టి నెలల తరబడి వదల్లేదు. చలికి బట్టలున్నాయి, జారుడుకేముంది?

చలికి ఏం వేసుకుంటారు? చీర కడతారా?
– ఒక గృహిణి, బొబ్బిలి

చీర ఏప్రిల్ దాకా పెట్టెలోనే. లోపల ఉన్ని, పైన ఇంకో ఉన్ని, ఆపైన పెద్ద కోటు. నూలు బట్ట ఒంటికి తగలనివ్వను, చెమట పీల్చుకుని ఒళ్లు చల్లబరుస్తుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి మేలు, ఒకదాని వేడి ఒకదానికి అందుతుంది. తడిజుట్టుతో బయటికెళితే గుమ్మం దాటగానే జడ కర్రలా బిగుస్తుంది. పిల్లలు క్లాసుకొచ్చాక కోట్లూ బూట్లూ విప్పుకోవడానికే కాస్త టైము పడుతుంది, అందుకే పాఠం వెంటనే మొదలుపెట్టను. చల్లబడిన ల్యాప్‌టాప్‌ని లోపలికి తెచ్చాక సంచీలోంచి వెంటనే తీయొద్దని ఏటా కొత్తవాళ్లకి చెబుతుంటాను. వెచ్చటిగాలి తగిలితే దానిమీద తేమ పడుతుంది.

ఇడ్లీపిండి పులుస్తుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

ఓవెన్ వెలిగించకుండా, లోపలి బల్బు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. బ్రహ్మాండంగా పొంగుతుంది.

మా అమ్మాయికి మీ యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటొచ్చింది. ఆ చలికి పంపాలంటే గుండె దడగా ఉంది.
– ఒక తల్లి, వరంగల్

అమ్మా, చలికి వారం పదిరోజుల్లో అలవాటు పడిపోతుంది. మీరు ఆలోచించాల్సింది చీకటి గురించి. డిసెంబరు 21 ప్రాంతంలో ఇక్కడ పగలు 3 గంటల 40 నిమిషాలే. పరీక్షల రోజులవి. తెలివైన పిల్లలు కూడా ఆ వారాల్లో మంచం దిగరు, తిండి మానేస్తారు, ఫోన్ ఎత్తరు. అలాంటప్పుడు వెళ్లి తలుపు కొట్టే మనిషి ఉండాలి. నా క్లాసులో ఎవరైనా రెండుసార్లు కనపడకపోతే నేనే ఫోన్ చేస్తాను, ఇక్కడి టీచరు పనిలో అది సగమని నా నమ్మకం. పొద్దున్నే ముందు పెట్టుకు కూర్చునే పెద్ద వెలుతురు దీపాలు దొరుకుతాయి. వచ్చిన వారంలోనే ఒకటి కొనుక్కోమనండి. విటమిన్ డి గురించి డాక్టర్ని అడగమనండి. మధ్యాహ్నం ఆ కాస్త ఎండలో తప్పకుండా బయట నడవాలి.

ఇంకోటి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఇక్కడ అద్దె తక్కువని చాలామంది విద్యార్థులు కుళాయి లేని చెక్క కేబిన్లలో ఉంటారు. నీళ్లు క్యాన్లతో మోసుకోవాలి, మరుగుదొడ్డి బయట, స్నానం క్యాంపస్‌లో. అలవాటున్నవాళ్లకి ఇష్టంగానే ఉంటుంది. మొదటి ఏడాది మన పిల్లలకి మాత్రం వద్దు. విమానం టిక్కెట్టు కొనేముందే క్యాంపస్ హాస్టల్లో గదికి దరఖాస్తు పెట్టించండి.