బీమా కంపెనీకే లేని స్వేచ్ఛ మీకెందుకు?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తాను. వయసు 41, జీతం 32 వేలు. ఎల్ఐసీలో రెండు ఎండోమెంట్ పాలసీలున్నాయి (గడువు తీరాక డబ్బు తిరిగొచ్చేవి). మన ప్రీమియంతో కంపెనీ షేర్లు కొని లాభపడుతోంది కదా, ఆ పనేదో నేనే చేద్దామనుకుంటున్నా. పాలసీల మీద, ఇంట్లో బంగారం మీద లోను తీసుకుంటే 7 లక్షలు వస్తాయి. సగం షేర్లలో, సగం మా బావమరిది పెట్టిన కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్‌లో వాటాగా పెట్టవచ్చా? సేవింగ్స్ ఖాతాలో 18 వేలున్నాయి.

జవాబు: చివర్లో రాసిన ఆ 18 వేల సంగతే ముందు మాట్లాడాలి. ఇంటి ఖర్చు నెలకు 25 వేలనుకున్నా, అది మూడు వారాలకు వస్తుంది. ఆ తర్వాత?

కంపెనీ షేర్లు కొంటుంది, నిజమే. కానీ ఇష్టమొచ్చినట్టు కొనదు. మీ పాలసీల్లాంటి వాటి నిధిలో కనీసం సగం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ బాండ్లు, అలాంటి ఇతర ఆమోదిత సెక్యూరిటీల్లోనే ఉండాలి. (బీమాతో పాటు మార్కెట్ పెట్టుబడి కూడా కలిసిన యులిప్ పాలసీల లెక్క వేరు.) ఒకే కంపెనీలో ఎంత వాటా కొనాలన్నదానికీ హద్దుంది, ఎల్ఐసీ అంతటిది కూడా 15 శాతం దాటకూడదు. 2019లో ఐడీబీఐ బ్యాంకులో 51 శాతానికి వెళ్లిందంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రత్యేకంగా అనుమతించబట్టే. ఇక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అయితే ఆ డబ్బు అసలు పెట్టకూడదు. అంటే మీ బావమరిది కంపెనీలో ఎల్ఐసీ ఒక్క రూపాయి పెట్టలేదు. లక్షల కోట్లున్న సంస్థనే వద్దన్న చోటికి మీరు అప్పు చేసి మరీ వెళ్తానంటున్నారు!

ఇవి చాలవన్నట్టు బీమా కంపెనీ సాల్వెన్సీ రేషియో (చెల్లించాల్సినవి పోను అదనంగా ఎంత సొమ్ము ఉందో చెప్పే కొలత) 1.5కు తగ్గకుండా చూసుకోవాలి. అది వాళ్ల ఎమర్జెన్సీ ఫండ్ అనుకోండి. మీదెక్కడ?

షేర్లు పడినా లోను వడ్డీ ఆగదు. అది కట్టకుండా, ప్రీమియం కూడా మధ్యలో ఆపేస్తే, అసలూ వడ్డీ కలిసి సరెండర్ వాల్యూను (పాలసీ మధ్యలో వదులుకుంటే చేతికొచ్చే సొమ్మును) దాటిన రోజు పాలసీయే పోవచ్చు. ఈలోగా మీకేమైనా జరిగితే బాకీ మినహాయించుకునే మీ ఆవిడకు ఇస్తారు. అన్నట్టు, బంగారం సంగతి ఆవిడను అడిగారా?

ఆరు నెలల ఖర్చు, అంటే లక్షన్నర, బ్యాంకులో చేరేదాకా ఏ లోనూ వద్దు. నెలకు 4 వేలు ఆర్‌డీ కట్టండి. సీజన్‌లో పైన వచ్చేది కూడా అందులోనే వేయండి, ఎండాకాలం యార్డుకు సెలవులిచ్చినప్పుడు ముట్టుకోకండి. రెండేళ్లు పైనే పడుతుంది, పట్టనివ్వండి. టర్మ్ పాలసీ (మీకేమైనా జరిగితేనే ఇంటికి డబ్బొచ్చే బీమా) మాత్రం ఈ నెలలోనే తీసుకోండి. షేర్ల మోజు అప్పటికీ తీరకపోతే ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కొనే ఫండ్‌లో) నెలకు వెయ్యి సిప్ చాలు.

బావమరిది నొచ్చుకుంటే బ్యాంకుకు వెళ్లమనండి. కోల్డ్ స్టోరేజీ లెక్కలు బాగుంటే వాళ్లే లోను ఇస్తారు.