గురుగ్రహం పక్కగా పోయే కాంతికి కూడా వోయేజర్ అంతరిక్ష నౌకలా వేగం పెరుగుతుందా?

పెరగదు. రంగు మారుతుంది, అదీ కంటికి ఆననంత.

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ల్యాబ్‌లో ఏటా ఒక చిన్న ప్రోగ్రాం రాయిస్తుంటాను: ఒక గ్రహం, దాని పక్కనుంచి పోయే ఒక నౌక. దాదాపు అందరూ గ్రహాన్ని స్క్రీన్ మధ్యలో కదలకుండా పెడతారు. నౌక గ్రహాన్ని సమీపిస్తుంటే వేగం గ్రాఫ్ పైకి లేస్తుంది, దాటిపోయాక మళ్లీ పాత గీత మీదికే దిగుతుంది. "మరి వోయేజర్‌కి స్పీడ్ ఎలా పెరిగింది సార్?" అని అప్పుడు అడుగుతారు. గ్రహానికి సెకనుకు 13 కిలోమీటర్ల వేగం ఇచ్చి చూడమంటాను. గురుడు సూర్యుడి చుట్టూ తిరిగేది సుమారు ఆ వేగంతోనే. ఈసారి గ్రాఫ్ దిగుతుంది గానీ పాత గీత దాకా రాదు, పైనే ఆగిపోతుంది. నౌకను గ్రహం సాగే దారిలో దాని వెనకనుంచి పోనిస్తేనే సుమా! ముందునుంచి పోనిస్తే వేగం తగ్గుతుంది.

గ్రహం మీద కూర్చున్నవాడికి నౌక దారి మళ్లిందంతే. ఎంత వేగంతో వచ్చిందో అంతే వేగంతో పోయింది. సూర్యుడి దగ్గరనుంచి చూసేవాడు దానికి గ్రహం వేగాన్ని కూడా కలుపుకోవాలి. 1979లో వోయేజర్ 2 లాభపడింది అక్కడే. ఆ మేరకు గురుడు నష్టపోయాడు, కానీ అంత బరువున్నవాడికి అదొక లెక్కా!

కాంతికీ ఇదే సూత్రం. దాని వేగం మారే వీల్లేదు కనుక వచ్చిన శక్తి తరంగదైర్ఘ్యంలో కనబడుతుంది: గ్రహం వెనకనుంచి పోతే నీలం వైపు, ముందునుంచి పోతే ఎరుపు వైపు జరుగుతుంది. అయితే నౌక నెమ్మది కాబట్టి దాని దారి బాగా మళ్లుతుంది, కాంతికి అంత టైము దొరకదు. సూర్యుడి అంచున 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగే కాంతి గురుడి అంచున వంగేది 0.016 మాత్రమే. దాన్నిబట్టి రంగులో వచ్చే తేడా లక్ష కోట్లలో 3 వంతులు.

వంపులో తేడాను మాత్రం పట్టుకున్నారు. 2002 సెప్టెంబర్ 8న గురుడు సుదూర గెలాక్సీ నడుమ వెలిగే ఒక క్వేజార్‌కి బాగా దగ్గరగా కనబడుతూ సాగినప్పుడు ఫొమలోంట్, కొపేకిన్ అనే శాస్త్రవేత్తలు రేడియో టెలిస్కోపులతో కొలిచారు. గురుడి కదలిక వల్ల చేరే వంపు 51 మైక్రో ఆర్క్ సెకన్లని (మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు) లెక్క. కొలత సుమారు 20 శాతం కచ్చితత్వంతో దానికి సరిపోయింది. గురుత్వాకర్షణ వేగాన్నే, అంటే దాని ప్రభావం ఎంత వేగంతో వ్యాపిస్తుందో దాన్నే కొలిచామని కొపేకిన్ అంటే, భౌతిక శాస్త్రవేత్త క్లిఫర్డ్ విల్ వంటివారు ఒప్పుకోలేదు. నాకు విల్ మాటే సబబుగా తోస్తుంది, ఆ స్థాయి తేడాలో గురుత్వాకర్షణ వేగానికి చోటే లేదు.